నలుగురు రన్నింగ్ బ్యాక్‌లు, ఒకటే బంతి: కాలేజీ ఫుట్‌బాల్‌లో డెప్త్ లెక్క ఎలా నడుస్తుంది

ఆగస్టు వచ్చిందంటే అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ టీములన్నింటిలో ఒకటే చర్చ, ఈ ఏడాది స్టార్టర్ ఎవరని. ఆట నడిపిస్తూ బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ సంగతి ఏదో ఒకరోజు తేలిపోతుంది, అక్కడ మామూలుగా ఒక్కడే ఆడతాడు కాబట్టి. బంతి పట్టుకుని పరిగెత్తే రన్నింగ్ బ్యాక్ దగ్గరకొచ్చేసరికి సీజన్ సగం గడిచినా లెక్క తేలదు. కొలంబస్‌లోనో అట్లాంటా చుట్టుపక్కలో స్థిరపడ్డ మన తెలుగు కుటుంబాల్లో పిల్లలు ఒహాయో స్టేట్, జార్జియా జెర్సీలు వేసుకుని తిరుగుతుంటారు, వాళ్లతో పాటు శనివారం టీవీ ముందు కూర్చున్న అమ్మానాన్నలకు మాత్రం ఒక డౌట్ అలాగే ఉండిపోతుంది: పోయిన వారం 150 యార్డులు పరిగెత్తినవాడు ఈ వారం హెల్మెట్ చేత్తో పట్టుకుని పక్కన నిలబడ్డాడేంటి? గాయం లేదు, గొడవ లేదు, మరి ఎందుకు ఆడించట్లేదు?

దీనికి జవాబు ఉంది, కాకపోతే ఒక్క ముక్కలో చెప్పేది కాదు. ఈ పొజిషన్‌లో నంబర్ వన్ ఎవరన్న దానికన్నా, ఏ సమయంలో ఎవరు మైదానంలో ఉన్నారన్నది చూస్తే ఎక్కువ అర్థమవుతుంది. అక్కడి దాకా మెల్లగా వెళ్దాం.

## ముందు ఆట సంగతి కాస్త

మైదానం పొడవు 100 యార్డులు, ఒక్కో వైపు 11 మంది. బంతి చేతిలో ఉన్న టీముకి నాలుగు అవకాశాలు, వాటినే డౌన్‌లు అంటారు. ఆ నాలుగింటిలో 10 యార్డులు ముందుకెళ్తే మళ్లీ నాలుగు వస్తాయి. వెళ్లలేకపోతే బంతి అవతలి వాళ్లకు. క్వార్టర్‌బ్యాక్ బంతిని విసరొచ్చు, లేదా పక్కనో వెనకో నిలబడ్డ రన్నింగ్ బ్యాక్ చేతిలో పెట్టొచ్చు. అలా బంతి తీసుకుని పరిగెత్తిన ప్రతిసారీ ఒక క్యారీ కింద లెక్క. పాస్ పట్టుకున్నవి కూడా కలిపితే టచ్‌లు.

రన్నింగ్ బ్యాక్ ముందు అతని టీమువాళ్లే అయిదుగురు భారీ మనుషులు, ఆఫెన్సివ్ లైన్, దారి తెరవడానికి ప్రయత్నిస్తారు. అవతలి 11 మంది అతన్ని కింద పడేయడానికే వస్తారు. ఒక్కో మ్యాచ్‌లో 20 సార్లు బంతి పట్టుకున్నవాడికి దాదాపు అన్నిసార్లూ దెబ్బ తగులుతుంది, ఒక్కోసారి ఇద్దరు ముగ్గురు కలిసి మీద పడతారు. డెప్త్, అంటే ఒకరి వెనక ఒకరు సిద్ధంగా ఉండటం, దాని అవసరం ఇక్కడే పుడుతుంది. ఈ పొజిషన్‌లో ఒక్కడినే నమ్ముకుని సీజన్ మొదలుపెట్టే కోచ్‌కి నవంబరు నాటికి నిద్ర పట్టదు.

క్రికెట్ అలవాటున్న మనకు ఒక తేడా చెప్పుకోవాలి. అక్కడ తుది జట్టులో చోటు దొరకని బ్యాట్స్‌మన్‌కి ఆ మ్యాచ్‌లో బ్యాటింగే లేదు. ఇక్కడ మార్పులకు లిమిట్ లేదు, ప్రతి ప్లేకీ (బంతి కదిలినప్పటి నుంచి ఆగేదాకా ఒక ప్లే) ఆటగాణ్ని మార్చొచ్చు. కాబట్టి రెండోవాడు, మూడోవాడు కూడా అదే మ్యాచ్‌లో ఆడతారు, ఎన్నిసార్లన్నదే ప్రశ్న.

## డెప్త్ చార్ట్ చెప్పేదెంత, దాచేదెంత

ఏ పొజిషన్‌లో ఎవరి తర్వాత ఎవరో వరసగా రాసిన జాబితాని డెప్త్ చార్ట్ అంటారు. రన్నింగ్ బ్యాక్ గడిలో తరచూ రెండు పేర్లు రాసి మధ్యలో "లేదా" అని పెడతారు. అభిమానులకు అది దాటవేతలా కనిపిస్తుంది. నిజానికి చాలాసార్లు అది అక్షరాలా నిజం, ఎందుకంటే కోచ్ మనసులో ఒక్క వరస ఉండదు. మొదటి, రెండో డౌన్‌కి ఒక వరస, పాస్ తప్పదనిపించే మూడో డౌన్‌కి ఇంకొకటి, గోల్ లైన్ దగ్గర రెండు యార్డులు కావాల్సినప్పుడు మరొకటి, చివర్లో ఆధిక్యంలో ఉండి గడియారాన్ని కరిగించాల్సినప్పుడు నాలుగోది. వీటన్నిటినీ ఒకే గడిలో ఎలా రాస్తారు?

స్టార్టర్ అనే మాటకి కచ్చితంగా ఉన్న అర్థం ఒక్కటే, మొదటి ప్లేలో మైదానంలో ఉన్నవాడు. ఆ తర్వాత మూడు గంటల పాటు ఏం జరిగిందో ఆ మాట చెప్పదు.

## ఒక సీజన్ క్యారీలు ఎలా పంచుకుంటారో అంకెల్లో

ఊహాలెక్కలెందుకు, జరిగిన సీజన్లే తీసుకుందాం.

2015లో అలబామా టీము డెరిక్ హెన్రీ చేతిలో బంతి పెట్టి వదిలేసింది. 15 మ్యాచ్‌లు, 395 క్యారీలు, 2,219 యార్డులు. అంటే మ్యాచ్‌కి 26 పైనే. సీజన్ చివర ఆబర్న్ మీద 46 సార్లు, వారం తిరిగేసరికి కాన్ఫరెన్స్ (కొన్ని కాలేజీల లీగ్) ఫైనల్లో ఫ్లోరిడా మీద 44 సార్లు బంతి మోశాడు. ఒక మనిషి ఏడు రోజుల తేడాతో 90 సార్లు ఆ దెబ్బలు తినడమంటే మాటలు కాదు. దేశంలో ఉత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ ఆ ఏడాది అతనికే వచ్చింది, జాతీయ టైటిల్ టీముకి వచ్చింది.

2017 జార్జియా దీనికి పూర్తిగా భిన్నం. వాళ్లవీ 15 మ్యాచ్‌లే. నిక్ చబ్ 223 క్యారీల్లో 1,345 యార్డులు, సోనీ మిషెల్ 156 క్యారీల్లో 1,227, అప్పుడే హైస్కూల్ నుంచి వచ్చిన డీఆండ్రే స్విఫ్ట్ 81 క్యారీల్లో 618. వీళ్ల ముగ్గురి క్యారీలు కలిపితే 460. హెన్రీ ఒక్కడు మోసిన దానికంటే 65 మాత్రమే ఎక్కువ, కానీ అవి మూడు జతల కాళ్ల మీద పడ్డాయి. సగటు చూస్తే చబ్‌కి క్యారీకి 6, మిషెల్‌కి 7.9, స్విఫ్ట్‌కి 7.6.

ఈ అంకెలు చూడగానే అందరికీ వచ్చే ప్రశ్న, మిషెల్ సగటు అంత ఎక్కువుంటే చబ్‌కి ఎక్కువసార్లు ఎందుకిచ్చారని. చబ్‌కి వచ్చిన క్యారీల్లో చాలావరకు అందరికీ ముందే తెలిసిపోయే క్యారీలు, రెండు యార్డులు తప్పనిసరైనప్పుడు అవతలివాళ్లు లైన్ దగ్గర గుంపుగా నిలబడి ఎదురుచూసేవి. అక్కడ మూడు యార్డులు సాధించడమే గొప్ప, కానీ ఆ మూడు అతని సగటుని కిందికి లాగుతుంది. మిషెల్‌ని ఖాళీ స్థలం దొరికేలా వాడుకున్నారు. పైగా అలసిన డిఫెన్స్ మీదకి తాజా కాళ్లతో వచ్చేవాడికి సగటు పెరగడం సహజం. కాబట్టి రెండోవాడి సగటు చూసి వాడే మేలని తేల్చేస్తే లెక్క తప్పుతుంది.

## సగటు ఎలా మోసం చేస్తుందో ఒక్క మ్యాచ్‌లో

2025 జనవరి 20న అట్లాంటాలో జాతీయ ఫైనల్, ఒహాయో స్టేట్ 34, నోటర్ డామ్ 23. ఒహాయో స్టేట్ తరఫున క్విన్‌షాన్ జడ్కిన్స్ 11 క్యారీల్లో 100 యార్డులు చేశాడు. సగటు 9.1, చూడ్డానికి భలే ఉంది. అందులో ఒకే పరుగు 70 యార్డులు. అది తీసేస్తే మిగిలిన పదింటికి 30, అంటే క్యారీకి 3.

మరి అతను బాగా ఆడినట్టా కాదా? బాగానే ఆడాడు, రెండు టచ్‌డౌన్‌లు (బంతిని అవతలి గోల్ లైన్ దాటించడం) పరిగెత్తి, ఇంకొకటి పాస్ పట్టి మొత్తం మూడు కొట్టాడు. ఆ 70 యార్డుల పరుగు మూడో క్వార్టర్ మొదట్లో మ్యాచ్‌ని నోటర్ డామ్ చెయ్యి దాటించేసింది. మిగతా పదీ చిన్నవే అయినా వాటిలో టచ్‌డౌన్ పరుగులూ ఉన్నాయి. 9.1 అనే ఒక్క అంకె ఈ రెండు సంగతుల్లో ఏదీ చెప్పలేకపోయింది. అందుకే కోచ్‌లు సగటు కంటే, ఆ పరిస్థితిలో కావాల్సినంత వచ్చిందా లేదా అన్నది ఎక్కువగా చూస్తారు. మొదటి డౌన్‌లో నాలుగైదు వచ్చాయా, మూడో డౌన్‌లో మిగిలింది పూర్తయిందా, ఇలా.

ఇంకో చిక్కు కూడా ఉంది. కాలేజీ లెక్కల్లో క్వార్టర్‌బ్యాక్ వెనకాలే దొరికిపోయి పడితే ఆ నష్టాన్ని పరుగు యార్డుల నుంచి తీసేస్తారు. టీము మొత్తం పరుగు అంకె చిన్నగా కనిపించినప్పుడు తప్పు రన్నింగ్ బ్యాక్‌లదే అనుకోవడానికి లేదు.

## బంతి చేతిలో లేనప్పుడు జరిగే పోటీ

ఇది చాలామంది చూడరు, అసలు పోటీలో సగం ఇక్కడే తేలుతుంది.

మూడో డౌన్, ఇంకా ఎనిమిది యార్డులు కావాలి. అందరికీ తెలుసు పాసేనని. రన్నింగ్ బ్యాక్ పని ఇప్పుడు పరిగెత్తడం కాదు, క్వార్టర్‌బ్యాక్‌ని కాపాడటం. బంతి కదలగానే ముందు లోపలి వైపు చూడాలి, ఎందుకంటే క్వార్టర్‌బ్యాక్‌ని చేరడానికి దగ్గర దారి మధ్యలోనే. అటు నుంచి ఎవరూ రావట్లేదంటే అప్పుడు చూపు బయటివైపు తిప్పాలి. ఇదంతా రెప్పపాటులో. ఆ సందులోంచి తనకంటే బరువైన లైన్‌బ్యాకర్ (అవతలి డిఫెన్స్ ఆటగాడు) ఒకడు పరుగెత్తుకొస్తే, నడుం వంచి, చేతులు లోపలికి పెట్టి, కాళ్లు నేలకు తన్నిపట్టి ఆపాలి. ఆగకపోతే క్వార్టర్‌బ్యాక్ మోకాలు పోతుంది, దాంతో పాటు టీము సీజన్ కూడా పోవచ్చు. హైస్కూల్లో ఎంత పెద్ద స్టారైనా వీళ్లలో చాలామందికి ఈ పని కొత్త, ఎందుకంటే అక్కడ వాళ్ల చేతిలో బంతి పెట్టడమే తప్ప ఇంకొకరి కోసం అడ్డం నిలబడమని అడిగినవాళ్లు తక్కువ. అయిదు స్టార్ల రేటింగ్‌తో వచ్చిన కుర్రాడు అక్టోబరు దాకా మూడో డౌన్‌లో కనిపించకపోతే కారణం చాలాసార్లు ఇదే.

రెండోది బంతి జారవిడవకపోవడం. బంతి ముందు కొనను వేళ్లతో మూసి, ముంజేతికి ఆనించి, వెనక కొనను మోచేతి వంపులో ఇరికించి, పక్కటెముకలకు అదిమి పట్టుకోమని చిన్నప్పటి నుంచీ నేర్పుతారు. అయినా అవతలివాడు ముందు కొట్టేది ఆ చేతినే. వరసగా రెండు మ్యాచ్‌ల్లో ఫంబుల్ అయితే 6 యార్డుల సగటున్నవాడు కూడా 4.5 ఉన్నవాడి వెనక్కి పోతాడు. అభిమానులకు ఇది అన్యాయంగా అనిపిస్తుంది. కోచ్ లెక్క వేరు: అదనంగా వచ్చిన ఒకటిన్నర యార్డు కంటే అవతలివాళ్ల చేతిలో పడ్డ ఒక్క బంతికి ధర ఎక్కువ.

## జార్జియా కథ: డెప్త్ అంటే ఏమిటో మూడు సీజన్లలో

జార్జియా విశ్వవిద్యాలయానికి రన్నింగ్ బ్యాక్‌ల ఖజానా అని పేరు. ఆ పేరు వెనక ప్రతిభ ఎంతుందో అవసరం కూడా అంతే ఉంది.

2014లో అక్కడి హీరో టాడ్ గర్లీ. ఆటోగ్రాఫ్‌లకు డబ్బు తీసుకున్నాడని అక్టోబరులో పక్కన పెట్టారు, అప్పట్లో అది నిబంధనలకు విరుద్ధం. నాలుగు మ్యాచ్‌లు పోయాయి. తిరిగొచ్చిన మొదటి మ్యాచ్‌లోనే మోకాలి లిగమెంట్ తెగింది. గర్లీ లేని మొదటి మ్యాచ్‌లో, మిసోరీ మీద, బంతి ఒక మొదటి ఏడాది కుర్రాడి చేతికొచ్చింది, అతనే నిక్ చబ్. ఆ రోజు 38 సార్లు మోసి 143 యార్డులు చేశాడు, సీజన్ ముగిసేసరికి 1,547.

2015 అక్టోబరులో కథ తిరగబడింది. టెనెసీ మైదానంలో, జార్జియా ఆడిన మొదటి ప్లేలోనే చబ్ మోకాలు పోయింది. ఇప్పుడు సోనీ మిషెల్ వంతు, అతను ఆ సీజన్‌లో వెయ్యి యార్డులు దాటాడు. రెండేళ్లలో రెండుసార్లు, ముందున్నవాడు కూలితే వెనకున్నవాడు వచ్చి టీముని నిలబెట్టాడు. డెప్త్ అంటే ఇదీ. బెంచ్ మీద ఎంతమంది ఉన్నారన్నది కాదు, మొదటివాడు పడిపోయిన తర్వాతి ప్లేలో కోచ్ ప్లాన్ మార్చుకోవాలా వద్దా అన్నదే దానికి కొలత.

తర్వాత జరిగింది మామూలుగా జరిగేది కాదు. 2016 సీజన్ అయ్యాక చబ్, మిషెల్ ఇద్దరూ ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌కి వెళ్లిపోవచ్చు. హైస్కూల్ అయ్యాక మూడేళ్లు గడిస్తే వెళ్లే వీలుంది, ఎముకలకు గ్యారంటీ లేని ఈ పొజిషన్‌లో వీలైనంత త్వరగా వెళ్లిపోవడమే తెలివని అందరూ అంటారు. ఇద్దరూ ఉండిపోయారు, బంతి పంచుకోవాల్సి వస్తుందని తెలిసి కూడా.

దాని ఫలితం 2018 జనవరి 1న రోజ్ బౌల్‌లో కనిపించింది. ఓక్లహోమాతో సెమీఫైనల్, జార్జియా ఒక దశలో బాగా వెనకబడింది. మిషెల్ 11 క్యారీల్లో 181 యార్డులు, చబ్ 14 క్యారీల్లో 145. అంతా బాగానే ఉందనుకునే సమయానికి, నాలుగో క్వార్టర్‌లో మిషెల్ చేతిలోంచి బంతి జారింది, ఓక్లహోమా ఆటగాడు దాన్ని తీసుకుని 46 యార్డులు పరిగెత్తి టచ్‌డౌన్ చేశాడు. 45-38, జార్జియా వెనక. టైం అయిపోతుండగా, 55 సెకన్లు మిగిలినప్పుడు చబ్ రెండు యార్డుల పరుగుతో స్కోరు సమం చేశాడు. రెండో ఓవర్‌టైమ్‌లో కోచ్‌లు బంతిని క్వార్టర్‌బ్యాక్‌కి కాకుండా నేరుగా రన్నింగ్ బ్యాక్‌కే ఇచ్చే ప్లే పిలిచారు. ఎవరికి? మిషెల్‌కే. 27 యార్డులు, టచ్‌డౌన్, 54-48.

ఈ మ్యాచ్‌ని నేను మళ్లీ మళ్లీ చూస్తుంటాను. ఒకడు చేజార్చినదాన్ని ఇంకొకడు సరిచేసి, మళ్లీ మొదటివాడికే చివరి అవకాశం దక్కడం కాగితం మీద రాసే డెప్త్ చార్ట్‌లో ఎక్కడా కనిపించదు.

## ఒక్కడే మోయాలా, పంచాలా: రెండు వైపుల వాదనలు

ఒక్కడికే ఎక్కువ ఇవ్వాలనేవాళ్ల వాదన లయ గురించి. రన్నింగ్ బ్యాక్ మొదటి పది క్యారీల్లో అవతలివాళ్ల కదలిక అర్థం చేసుకుంటాడు, లైన్‌లో తన వాళ్లు ఏ క్షణాన దారి తెరుస్తారో పట్టేస్తాడు, ఇరవయ్యో క్యారీకి ఆ తెలివి పనికొస్తుంది. మధ్యలో తీసేసి ఇంకొకణ్ని పంపితే ఇద్దరికీ కుదురుండదు. పైగా పెద్ద శరీరమున్న బ్యాక్ నాలుగో క్వార్టర్‌లో అలసిన డిఫెన్స్‌ని చితక్కొడతాడు, 2015 హెన్రీయే దీనికి సాక్ష్యం. అవార్డులూ ఇలాంటివాళ్లకే వస్తాయి.

పంచాలనేవాళ్లు ఆయుష్షు గురించి మాట్లాడతారు. ఇప్పుడు జాతీయ టైటిల్‌కి 12 జట్ల ప్లేఆఫ్ ఉంది, 2024లో ఒహాయో స్టేట్ 16 మ్యాచ్‌లు ఆడింది. అప్పుడు జడ్కిన్స్ 194 క్యారీలు, 1,060 యార్డులు. ట్రెవేయాన్ హెండర్సన్ 144 క్యారీలు, 1,016 యార్డులు. మ్యాచ్‌కి ఒకరికి 12, ఇంకొకరికి 9. ఇద్దరూ జనవరికి కూడా కాళ్లలో పదును పోగొట్టుకోలేదు. టెక్సస్‌తో సెమీఫైనల్లో హాఫ్‌టైమ్‌కి కొంచెం ముందు ఒక చిన్న పాస్ పట్టుకుని హెండర్సన్ 75 యార్డులు వెళ్లిపోయిన తీరు చూసినవాళ్లకు ఈ వాదన వేరే చెప్పక్కర్లేదు. పెన్ స్టేట్‌లో కూడా అదే ఏడాది నికలస్ సింగిల్టన్, కేట్రాన్ అలెన్ ఇద్దరూ వెయ్యి దాటారు.

ఇద్దరిలో ఎవరిది ఒప్పు అంటే, నా ఉద్దేశంలో అది చేతిలో ఎవరున్నారన్న దాన్ని బట్టే ఉంటుంది. హెన్రీ లాంటివాడు ఉంటే పంచడం దండగ. హెన్రీ లేనప్పుడు ఒకణ్ని హెన్రీలా వాడితే నవంబరుకి వాడు చేతికి రాడు. ఒకే రకం వాళ్లు ఇద్దరుంటే పంచడం వల్ల వచ్చే లాభం విశ్రాంతి ఒక్కటే. వేర్వేరు రకాల వాళ్లుంటే అవతలి డిఫెన్స్ రెండు పరీక్షలకు చదవాల్సి వస్తుంది, అది పెద్ద లాభం. కానీ దానికో నష్టమూ ఉంది: ఫలానా బ్యాక్ వచ్చాడంటే ఫలానా ప్లే అని అవతలివాళ్లు పసిగట్టేస్తారు. అందుకే ప్రతి ఒక్కరూ అన్ని పనులూ కాస్తయినా చేయగలగాలని కోచ్‌లు పట్టుబడతారు.

## పోర్టల్ వచ్చాక మారిన లెక్కలు

పాత రోజుల్లో రెండోవాడికి ఓపిక తప్ప దారి లేదు. ఇంకో కాలేజీకి మారితే ఒక ఏడాది ఆడకుండా కూర్చోవాలి. 2018లో, మారాలనుకునేవాళ్లు పేరు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చింది, 2021లో ఒకసారి మారితే వెంటనే ఆడొచ్చన్నారు, 2024 నుంచి చదువులో సరిగ్గా ఉంటే ఎన్నిసార్లు మారినా ఆడొచ్చు. 2021 జులై నుంచి ఆటగాళ్లు తమ పేరు, బొమ్మ వాడుకోనిచ్చి డబ్బు సంపాదించుకోవచ్చు. గర్లీని పక్కన పెట్టిన కారణం ఇప్పుడు కారణమే కాదు. ఒక కోర్టు ఒప్పందం ప్రకారం 2025-26 నుంచి కాలేజీలే ఆటగాళ్లకు నేరుగా చెల్లించొచ్చు, మొదటి ఏడాదికి ఒక్కో కాలేజీ అన్ని ఆటలకూ కలిపి సుమారు 2.05 కోట్ల డాలర్ల దాకా. ఆ ఒప్పందంలో చేరిన కాలేజీలకు ఫుట్‌బాల్ టీము 105 మందికి మించకూడదు.

ఇప్పుడు 2024 ఒహాయో స్టేట్‌నే మళ్లీ చూడండి. జడ్కిన్స్ అక్కడ పెరిగినవాడు కాదు, రెండేళ్లు ఓల్ మిస్ (మిసిసిపీ విశ్వవిద్యాలయం)లో ఆడి, మొదటి ఏడాదే 1,567 యార్డులు చేసి, అక్కడ స్టార్టర్‌గా ఉండి కూడా మారాడు. అతను రావడంతో ఒహాయో స్టేట్‌కి దేశంలోనే బలమైన జంట దొరికింది. కానీ ఆ సీజన్‌కి ముందే డాలన్ హేడెన్ కొలరాడోకి, చిప్ ట్రేయానమ్ కెంటకీకి వెళ్లిపోయారు. పైన ఇద్దరు స్టార్లు, కింద అనుభవం లేని కుర్రాళ్లు. ఆ ఇద్దరిలో ఒకరికి పెద్ద గాయమైతే ఏమయ్యేదో చెప్పలేం, అదృష్టవశాత్తూ ఇద్దరూ చివరిదాకా నిలబడ్డారు. పేరున్నవాళ్లు ఇద్దరు చేరితే డెప్త్ పెరిగిందని అందరూ రాశారు, మూడో వరస పల్చబడిందన్న సంగతి అంతగా ఎవరికీ పట్టలేదు.

జార్జియా కూడా 2024లో ఫ్లోరిడా నుంచి ట్రెవర్ ఎటియెన్‌ని తెచ్చుకుంది. ఆ ఏడాది గాయాలు చుట్టుముట్టడంతో ఎక్కువ యార్డులు చేసింది మాత్రం అప్పుడే వచ్చిన నేట్ ఫ్రేజర్, 671.

పోర్టల్ డెప్త్‌ని చంపేసిందని కోచ్‌లు చాలామంది బాధపడతారు. మూడేళ్లు కష్టపడి నేర్పిన మూడోవాడు, సరిగ్గా పనికొచ్చే సమయానికి స్టార్టర్‌గా ఇంకోచోటికి పోతాడు. ఆ బాధ నిజమే. ఆటగాడి వైపు నుంచి చూస్తే రన్నింగ్ బ్యాక్‌కి ఉన్న టైమే తక్కువ, 21 ఏళ్ల వాణ్ని ఇంకో ఏడాది ఆగమనడం అతని జీవితంలో సంపాదించే రోజుల్లోంచి ఒక ముక్క అడగడమే. కోచ్ తనకి నచ్చినప్పుడు కాలేజీ మారగలిగినప్పుడు కుర్రాణ్ని మాత్రం కట్టేయడం ఏం న్యాయమన్న ప్రశ్నకి నాకైతే జవాబు కనిపించదు.

## బంతి తక్కువ దొరికితే భవిష్యత్తు పోయినట్టేనా

అలబామా 2018 రన్నింగ్ బ్యాక్‌లను చూడండి. డేమియన్ హ్యారిస్‌కి 150 క్యారీలు, జాష్ జేకబ్స్‌కి 120, నజీ హ్యారిస్‌కి 117. తర్వాతి వసంతంలో ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో (టీములు వంతులవారీగా కాలేజీ ఆటగాళ్లను ఎంచుకునేది) మొదటి రౌండ్‌లో 24వ ఎంపికగా వెళ్లింది జేకబ్స్. ఎక్కువ మోసిన డేమియన్ మూడో రౌండ్ దాకా ఆగాడు. నజీ ఉండిపోయి, 2021లో అతనూ 24వ ఎంపికే అయ్యాడు. మూడేళ్లలో జేకబ్స్ మొత్తం మోసింది 251 సార్లు, హెన్రీ ఒక్క సీజన్ కంటే చాలా తక్కువ. శరీరం అరగలేదన్నది ఎన్‌ఎఫ్‌ఎల్ టీములకు ఒక ఆకర్షణ, పాస్ పట్టడం, అడ్డం నిలబడటం వచ్చన్నది ఇంకొకటి.

చబ్, మిషెల్ కూడా అంతే, 2018లో మిషెల్ 31వ ఎంపిక, చబ్ 35వ ఎంపిక. 2025లో జడ్కిన్స్ 36, హెండర్సన్ 38. పంచుకున్నవాళ్లు ఇంచుమించు పక్కపక్కనే వెళ్లారు.

అయితే ఇక్కడో జాగ్రత్త. ఇవన్నీ పైకొచ్చినవాళ్ల కథలు, ఇలాంటి కథలే మనకు గుర్తుంటాయి. నెలల తరబడి స్కౌట్‌ల కళ్లముందుండే అలబామా, జార్జియాల్లో 120 క్యారీలు చాలు. చిన్న కాలేజీలో 120 క్యారీలు చేసినవాడి వీడియో చూడటానికి అంతమంది కూర్చోరు.

వెనక ఆగి పైకొచ్చినవాళ్లకి పాత ఉదాహరణ ఓక్లహోమా స్టేట్. 1986, 1987లో అక్కడ స్టార్టర్ థర్మన్ థామస్. అతని వెనక రెండేళ్లు ఉన్నవాడు బ్యారీ శాండర్స్, ఎక్కువగా కిక్ రిటర్న్‌లతో (అవతలివాళ్లు తన్నిన బంతి పట్టుకుని పరిగెత్తడం) కాలం గడిపాడు. థామస్ వెళ్లిపోయాక 1988లో శాండర్స్ 11 మ్యాచ్‌ల్లో 2,628 యార్డులు, 37 పరుగు టచ్‌డౌన్‌లు చేశాడు. అప్పట్లో బౌల్ మ్యాచ్ (సీజన్ అయ్యాక ఆడే ప్రత్యేక మ్యాచ్) అంకెలు లెక్కలో కలిపేవాళ్లు కాదు, కలిపితే ఇంకా ఎక్కువ.

## నాలుగోవాడి సంగతి

చివరగా ఎవరూ పెద్దగా మాట్లాడని మనిషి. నాలుగో బ్యాక్‌కి మామూలు మ్యాచ్‌లో ఒకటో రెండో క్యారీలు, అదీ టీము 30 పాయింట్లు ముందున్నప్పుడు. అతని ముందున్న పెద్ద లెక్క రెడ్‌షర్ట్, అంటే కాలేజీలో ఆడటానికి ఉన్న ఏళ్లలో ఒకటి ఖర్చవకుండా దాచుకోవడం. 2018లో వచ్చిన రూల్ ప్రకారం సీజన్‌లో నాలుగు మ్యాచ్‌ల దాకా ఆడినా ఆ ఏడాది అర్హత ఖర్చవదు, అయిదోది ఆడితే ఒక ఏడాది పోయినట్టే. సెప్టెంబరులో రెండు ఆడి, తర్వాత నెలన్నర కనిపించకుండా పోయి, నవంబరులో మళ్లీ దిగే కుర్రాడు కోచ్ కోపంతో పక్కన పెట్టినవాడు అయ్యుండకపోవచ్చు, ఆ నాలుగింటిని జాగ్రత్తగా దాచుకుంటున్నారంతే. పైవాళ్లలో ఇద్దరికి గాయాలైతే కోచ్ అతన్ని అయిదో మ్యాచ్‌కి అడగాలి. అడిగితే కుర్రాడూ ఇంట్లోవాళ్లూ ఆలోచించుకోవాలి.

అంతవరకూ వెనకున్న బ్యాక్‌లకు దారి స్పెషల్ టీమ్స్, అంటే కిక్‌లు ఆడే సమయాలు. 2015 సీజన్ ఫైనల్‌కే వెళ్దాం, 2016 జనవరిలో అలబామా 45, క్లెమ్సన్ 40. ఆ రాత్రి హెన్రీ 36 సార్లు మోసి 158 యార్డులు, మూడు టచ్‌డౌన్‌లు చేశాడు, అందరూ ఊహించిందే. నాలుగో క్వార్టర్‌లో క్లెమ్సన్ దగ్గరకొస్తున్నప్పుడు కిక్‌ఆఫ్ పట్టుకుని 95 యార్డులు పరిగెత్తి టచ్‌డౌన్ చేసింది మాత్రం ఏడాదంతా హెన్రీ వెనక నిలబడ్డ కెన్యన్ డ్రేక్. మూడు నెలల తర్వాత డ్రాఫ్ట్‌లో హెన్రీ రెండో రౌండ్‌లో వెళ్తే, డ్రేక్ మూడో రౌండ్‌లో మయామీకి వెళ్లాడు.